డీప్ రింగ్ మీద బొటనవేలు సరిగ్గా ఎక్కడ పెట్టాలి? గజ్జ హెర్నియా పరీక్షలో సందేహాలు

వార్డు_ఆరు

అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ ఫైనలియర్ విద్యార్థినిని, సర్జరీ పోస్టింగ్ నడుస్తోంది. గజ్జ హెర్నియా పరీక్షలో మూడు చోట్ల ఆగిపోతున్నాను. సీనియర్లు కాస్త విడమరచి చెప్పగలరు.

మొదటిది, డీప్ రింగ్ (గజ్జలో పొట్ట గోడ గుండా పోయే ఇంగ్వైనల్ కెనాల్‌కి లోపలి ద్వారం) పైనుంచి చూస్తే ఎక్కడుంటుంది? ఒక నోట్సులో "మిడ్ ఇంగ్వైనల్ పాయింట్‌కి అర అంగుళం పైన" అని ఉంది. ఇంకోచోట "ఇంగ్వైనల్ లిగమెంట్ మధ్యబిందువుకి అర అంగుళం పైన" అని ఉంది. రెండూ ఒకటే అనుకోవచ్చా? రెండోది, అక్లూజన్ టెస్ట్‌లో (డీప్ రింగ్‌ని వేలితో మూసి దగ్గించే పరీక్ష) బొటనవేలిని తప్పించుకుని వాపు బయటికొస్తే డైరెక్ట్ (కెనాల్ వెనక గోడ నుంచి నేరుగా వచ్చేది) అని కేస్ షీట్లో రాస్తాం. థియేటర్లో తెరిచాక ఇన్‌డైరెక్ట్ (డీప్ రింగ్ గుండా వచ్చేది) అంటారు. లోపం టెస్టుదా, చేసే చేతిదా? మూడోది, పొట్ట ఉన్నవాళ్లలో ప్యూబిక్ ట్యూబర్‌కిల్ (ప్యూబిస్ ఎముక మీది చిన్న బుడిపె) చేతికే తగలదు. అది దొరకనప్పుడు ఇంగ్వైనల్, ఫెమోరల్ (లిగమెంట్ కింద నుంచి తొడలోకి వచ్చేది) తేడా ఎలా చెప్పాలి?

అనాటమీ_హాల్

మొదటి ప్రశ్న వరకు నేను చెప్తానమ్మా. రెండూ ఒకటి కాదు.

ఇంగ్వైనల్ లిగమెంట్ ఏఎస్ఐఎస్ (తుంటి ఎముక ముందు మొన) నుంచి ప్యూబిక్ ట్యూబర్‌కిల్ దాకా ఉంటుంది. దాని సగం దగ్గర ఉన్నదే లిగమెంట్ మధ్యబిందువు. డీప్ రింగ్ దానికి 1.25 సెం.మీ. పైన. మిడ్ ఇంగ్వైనల్ పాయింట్ కావాలంటే ట్యూబర్‌కిల్ దాకా కాదు, ప్యూబిక్ సింఫిసిస్ (మధ్యరేఖలో రెండు ప్యూబిస్ ఎముకలు కలిసే చోటు) దాకా కొలిచి సగం చేయాలి. అక్కడ కొట్టుకునేది ఫెమోరల్ ఆర్టరీ. ట్యూబర్‌కిల్ మధ్యరేఖకు సుమారు 2.5 సెం.మీ. పక్కన ఉంటుంది కాబట్టి ఆ రెండు బిందువుల మధ్య ఎడం 1.25 సెం.మీ. దాకా వస్తుంది. వినడానికి తక్కువే. కానీ డీప్ రింగ్ మీడియల్ (మధ్యరేఖ వైపు) అంచును ఆనుకుని ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ నాళాలు పైకి పోతుంటాయి, వాటికి మీడియల్‌గా డైరెక్ట్ హెర్నియా వచ్చే హెసెల్‌బాక్ త్రికోణం మొదలవుతుంది. బొటనవేలు ఒక్క సెంటీమీటరు మధ్యరేఖ వైపు జరిగితే మీరు మూస్తున్నది రింగ్‌ని కాదు, ఆ త్రికోణం పక్క భాగాన్ని. అప్పుడు ఇన్‌డైరెక్ట్ హెర్నియా వేలి పక్కనుంచి జారిపోతుంది, డైరెక్ట్ హెర్నియా సగం ఆగిపోతుంది. రెండు జవాబులూ తలకిందులవుతాయి.

సరిచూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఫెమోరల్ పల్స్ పట్టుకోండి. మీరు గుర్తు పెట్టిన డీప్ రింగ్ ఆ పల్స్‌కు పైన, కొంచెం లేటరల్‌గా (పక్కకి) ఉండాలి. సరిగ్గా దాని పైనే పడితేనో, మధ్యరేఖ వైపు పడితేనో కొలత మళ్లీ తీయండి. ఈ కొలతలన్నీ సగటులే. మనిషికీ మనిషికీ ఒక సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది, అందుకే పల్స్‌తో సరిచూడమంటున్నా.

ఏఎస్ఐఎస్ గురించి కూడా ఒక మాట. చాలామంది ఇలియాక్ క్రెస్ట్ మీద ఎత్తుగా తగిలిన చోటల్లా ఏఎస్ఐఎస్ అనేస్తారు. క్రెస్ట్ వెంబడి వేలిని ముందుకీ కిందికీ తీసుకురండి, ఎముక చటుక్కున ఆగిపోతుంది. అక్కడ బొటనవేలిని కింది నుంచి పైకి నొక్కితే ఆ మొన స్పష్టంగా తగులుతుంది. టేపు పెట్టాల్సింది ఆ కింది అంచు మీద. చర్మం ముడతను లిగమెంట్ అనుకోవద్దు. ముడత సాధారణంగా లిగమెంట్ కంటే కిందే ఉంటుంది, లావైనవాళ్లలో ఇంకా జారిపోతుంది. ఫెమోరల్ ఆర్టరీలో సూది పెట్టేవాళ్లకీ ఇదే చిక్కు. లిగమెంట్‌కి పైన గుచ్చితే నొక్కి ఆపడానికి వెనక ఎముక ఆసరా ఉండదు, రక్తం పెరిటోనియం (పొట్ట లోపలి పొర) వెనక్కి చేరుతుంది. మరీ కిందికి పోతే ఆర్టరీ చీలిన తర్వాతి భాగంలో పడి సూడో ఎన్యూరిజం (రక్తం కారి ఆర్టరీ పక్కన ఏర్పడే సంచి) వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

కెనాల్ గోడలు బట్టీ పట్టే బదులు ఒక విషయం గమనించండి. పెద్దవాళ్లలో కెనాల్ పొడవు సుమారు 4 సెం.మీ. ముందు గోడ పొడవునా ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ ఎపోన్యూరోసిస్, వెనక గోడ పొడవునా ట్రాన్స్‌వర్సాలిస్ ఫేషియా. డీప్ రింగ్ వెనక గోడలో రంధ్రం, సూపర్‌ఫిషియల్ రింగ్ ముందు గోడలో రంధ్రం. ఒక్కో రంధ్రానికి ఎదురుగా అవతలి గోడకు అదనపు బలం ఉంటుంది: డీప్ రింగ్ ముందు ఇంటర్నల్ ఆబ్లిక్ కండ, సూపర్‌ఫిషియల్ రింగ్ వెనక కన్‌జాయింట్ టెండన్. దగ్గినప్పుడు ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్ కమాను బిగుసుకుని లిగమెంట్ వైపు దిగి వస్తుంది. ఈ దిగడం చాలనివాళ్లలో వెనక గోడ నేరుగా ఉబ్బితే అది డైరెక్ట్. గ్రిడ్‌ఐరన్ కోతతో అపెండిక్స్ తీసేటప్పుడు ఇలియోహైపోగాస్ట్రిక్ నరం తెగితే కుడివైపు తర్వాత డైరెక్ట్ హెర్నియా రావచ్చని చెప్పేది కూడా ఈ కమాను బలహీనపడుతుందనే.

గజ్జల_సర్జన్

పై జవాబుతో ఏకీభవిస్తూ రెండో ప్రశ్నకొస్తా. వేలు సరైన చోటే పెట్టినా ఈ టెస్ట్ తప్పుతుంది. తప్పే సందర్భాలు తెలిస్తే షీట్లో ఎంత గట్టిగా రాయాలో తెలుస్తుంది.

పాత ఇన్‌డైరెక్ట్ హెర్నియాలో డీప్ రింగ్ రెండు మూడు వేళ్లు పట్టేంత సాగిపోయి ఉంటుంది, ఎపిగాస్ట్రిక్ నాళాలు మధ్యరేఖ వైపు నెట్టబడి ఉంటాయి. ఒక బొటనవేలు దాన్ని మూయలేదు. సంచి వేలి మీడియల్ అంచు నుంచి తోసుకొచ్చి అచ్చం డైరెక్ట్‌లా కనిపిస్తుంది. మీరు చెప్పిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది. ఇంకోటి, పూర్తిగా లోపలికి పంపకుండానే టెస్ట్ మొదలెట్టడం. సంచిలో ఓమెంటం (పేగుల ముందు వేలాడే కొవ్వు పొర) కొంచెం మిగిలినా రింగ్ మూసుకోదు. ఇంకోటి, నాళాలకు రెండువైపులా సంచులున్న ప్యాంటలూన్ హెర్నియా. అందులో రింగ్ మూసినా డైరెక్ట్ భాగం వస్తుంది, మీరు రాసింది సగం నిజం అవుతుంది. అన్నిటికంటే చెడ్డది ఫెమోరల్ హెర్నియా. డీప్ రింగ్ మూసినా లిగమెంట్ కింద నుంచి అది హాయిగా వస్తుంది. వాపు వచ్చిందా రాలేదా అని మాత్రమే చూసి, ఎక్కడ వచ్చిందో చూడకపోతే "డైరెక్ట్" అని రాసేస్తారు.

చేసే వరుస ఇది. నిలబెట్టి చూడండి, రెండు గజ్జలూ, స్క్రోటం కూడా. ముఖం పక్కకు తిప్పి దగ్గమనండి. వాపు స్క్రోటంలోకి దిగి ఉంటే దాని పైభాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకోగలరా చూడండి. పట్టుకుని పైన త్రాడు (స్పెర్మాటిక్ కార్డ్) మాత్రమే తగిలితే అది హెర్నియా కాదు, స్క్రోటం వాపే. తర్వాత పడుకోబెట్టి, మోకాలు కాస్త మడిపించి, రోగినే లోపలికి పంపుకోమనండి, రోజూ చేసుకునే చేయి కాబట్టి వాళ్లకే బాగా వస్తుంది. ఇన్‌డైరెక్ట్ అయితే పైకి, పక్కకి, వెనక్కి పోతుంది. డైరెక్ట్ నేరుగా వెనక్కి పోతుంది. ఈ పోయే దారి చూస్తేనే సగం జవాబు దొరుకుతుంది. అప్పుడు రింగ్ మూసి, వేలు తీయకుండా లేపి నిలబెట్టి దగ్గించండి. పడుకునే దగ్గిస్తే చిన్న డైరెక్ట్‌లు కనపడవు.

జీమన్ మూడు వేళ్ల టెస్ట్ నాకు ఇంకా ఇష్టం. కుడి గజ్జకు కుడి చేయి: చూపుడువేలు డీప్ రింగ్ మీద, మధ్యవేలు సూపర్‌ఫిషియల్ రింగ్ మీద, ఉంగరపువేలు సఫీనస్ ఓపెనింగ్ (తొడ ఫేషియాలో సఫీనస్ వీన్ లోపలికి పోయే రంధ్రం) మీద. అది ట్యూబర్‌కిల్‌కు 4 సెం.మీ. కింద, పక్కకు ఉంటుంది. దగ్గు ఏ వేలికి తగిలితే అది. ఫెమోరల్‌ని మరిచిపోనివ్వని పరీక్ష ఇదొక్కటే. స్క్రోటం చర్మంతో పాటు వేలు తోసి సూపర్‌ఫిషియల్ రింగ్‌లోకి పెట్టే పరీక్ష మాత్రం నొప్పి ఎక్కువ, లాభం తక్కువ. ఎగ్జామినర్ అడిగితే చెప్పండి, చేయకండి.

అసలు మాట ఇంకోటుంది. డైరెక్టా ఇన్‌డైరెక్టా అన్న దానికి ఎందుకింత తంటా? పెద్దవాళ్లలో రెంటికీ చేసేది మెష్ (వల) రిపేరే, లోపలికెళ్లాక రెండూ వెతుకుతాం. నిర్ణయం మారేది ఇంగ్వైనలా ఫెమోరలా అన్న దగ్గర. ఇబ్బంది లేని ఇంగ్వైనల్ హెర్నియా ఉన్న మగవాళ్లను గమనిస్తూ ఆగొచ్చు. ఫెమోరల్‌లో ఆ వెసులుబాటు లేదు. షీట్లో "డైరెక్ట్ అనిపిస్తోంది" అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. "ఫెమోరల్ కాదు" అని రాసేముందు మాత్రం చేత్తో తేల్చుకుని రాయండి.

రేడియాలజీ_గది

చేత్తో అంత కుస్తీ ఎందుకండీ? లీనియర్ ప్రోబ్ పెట్టి, కలర్ డాప్లర్‌లో ఇన్ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ఆర్టరీ చూసి, ఊపిరి బిగబట్టమంటే సంచి దానికి ఎటుపక్క నుంచి వస్తుందో కళ్లముందే కనిపిస్తుంది.

గజ్జల_సర్జన్

కనిపిస్తుంది, కాదనను. వాపు చేతికి తగలక నొప్పి మాత్రమే ఉన్నప్పుడు, లావు వల్ల ఏమీ తెలియనప్పుడు నేనూ పంపిస్తా. కానీ పడుకోబెట్టి మాత్రమే చేసిన స్కాన్‌లో "హెర్నియా లేదు" అని వస్తే నమ్మను. ఇంకోవైపు, త్రాడు వెంబడి ఉన్న కొవ్వు గడ్డ దగ్గినప్పుడు కదిలితే దాన్ని హెర్నియా అని రాసే రిపోర్టులు వస్తుంటాయి. పంపేటప్పుడు "నిలబెట్టి, దగ్గించి, ఫెమోరల్ కెనాల్ కూడా చూడండి" అని ఫారం మీద రాస్తే ఇద్దరికీ మంచిది.

వార్డు_ఆరు

చాలా థాంక్స్ సర్. అయితే అంతా ట్యూబర్‌కిల్ దగ్గరికే వచ్చి ఆగుతోంది. అది ఎలా వెతకాలి? పైగా ఫెమోరల్ హెర్నియా వాపు కొన్నిసార్లు లిగమెంట్ పైనే కనిపిస్తుందంటారు కదా, మరి "కింద, పక్కకి" అన్నది ఎలా నిలుస్తుంది?

గజ్జల_సర్జన్

మంచి ప్రశ్నలు. ట్యూబర్‌కిల్ వెతకడానికి పైనుంచి వెళ్తే కొవ్వులో మునిగిపోతారు. కింది నుంచి వెళ్లండి. తొడ మడిచి, బయటికి తెరిచి, మోకాలు లోపలివైపు మీ చేయి అడ్డుపెట్టి, తొడ దగ్గరికి లాక్కోమనండి. లోపలి తొడలో తాడులా లేచేది అడక్టర్ లాంగస్ టెండన్. దాని వెంబడి వేలు పైకి తీసుకెళ్తే ప్యూబిస్ ఎముకకు తగులుతారు. అక్కడి నుంచి కాస్త పైకి, పక్కకి జరిపితే చిన్న బుడిపె తగులుతుంది, అదే ట్యూబర్‌కిల్. ఇంకో దారి సింఫిసిస్ పై అంచు మీద వేలు పెట్టి పక్కకు 2 నుంచి 2.5 సెం.మీ. జరగడం. అవతలి వైపు ట్యూబర్‌కిల్ కూడా తడిమి సరిపోల్చండి. ఒకవైపు వాపు కింద ఎముక దొరక్కపోయినా రెండోవైపు దొరుకుతుంది, మధ్యరేఖ నుంచి దాని దూరాన్ని ఇటువైపు కొలుచుకుంటే సరి.

"కింద, పక్కకి" అన్నది సంచి మెడకు వర్తించే మాట, వాపు మొత్తానికి కాదు. ఫెమోరల్ కెనాల్ పొడవు 1.25 సెం.మీ. మాత్రమే. సంచి అందులోంచి కిందికి దిగి, సఫీనస్ ఓపెనింగ్ గుండా ముందుకు వస్తుంది. ఆ ఓపెనింగ్ కింది అంచు దగ్గర పొరలు తొడ ఫేషియాకు గట్టిగా అతుక్కుని ఉంటాయి కాబట్టి ఇంకా కిందికి పోలేదు. పైకి మడత పడి లిగమెంట్ మీదకెక్కుతుంది. కాబట్టి వాపు గుండ్రం ఎక్కడుందో చూడొద్దు, దాని మొదలు పట్టుకోండి. లోపలికి పంపాలంటే వచ్చిన దారినే తిరగాలి: ముందు కిందికి, తర్వాత వెనక్కి, చివర పైకి. నొప్పి, వాంతులు, చర్మం ఎరుపు ఉంటే అసలు ప్రయత్నించొద్దు. బలవంతంగా నెడితే మెడ దగ్గర నొక్కుకున్న పేగు సంచితో సహా లోపలికి పోయి, వాపు తగ్గిందనిపించి, అడ్డం మాత్రం అలాగే ఉంటుంది.

ఫెమోరల్ ఎందుకంత చెడ్డదో ఆ రింగ్ గోడలు చెప్తాయి. ముందు ఇంగ్వైనల్ లిగమెంట్, వెనక ప్యూబిస్ మీద పెక్టీనియల్ లిగమెంట్, మీడియల్‌గా లాక్యూనార్ లిగమెంట్. మూడు పక్కలా సాగనివే. మెత్తగా ఉన్నది ఒక్క లేటరల్ గోడ, అది ఫెమోరల్ వీన్. పేగు గోడలో కొంత భాగం మాత్రమే చిక్కుకునే రిక్టర్ హెర్నియా ఇక్కడ ఎక్కువ. అప్పుడు మలవిసర్జన అవుతూనే ఉంటుంది, పేగు మాత్రం లోపల కుళ్లుతుంది. బక్కపల్చటి వృద్ధురాలు కడుపు ఉబ్బి, వాంతులతో వస్తే చీర కుచ్చిళ్లు జరిపి రెండు గజ్జలూ తడమకుండా ఎక్స్‌రేకి పంపొద్దు. జామకాయంత వాపు కూడా ఉండక్కర్లేదు, చిన్న గట్టి ముద్ద చాలు, దగ్గితే కదలదు కూడా. లింఫ్ నోడ్ అని రాసేసి పంపేది సరిగ్గా ఈ కేసుల్నే. ఆడవాళ్లలో కూడా ఎక్కువగా వచ్చేది ఇంగ్వైనలే, కానీ ఫెమోరల్ వాటా మగవాళ్లలో కంటే చాలా ఎక్కువ. అందుకే 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆడవాళ్లకు వెనకనుంచి, లాపరోస్కోపీతో చేయమంటాయి. ముందు నుంచి చేస్తే పక్కనే ఉన్న ఫెమోరల్ దాక్కుని ఉండిపోవచ్చు.

సఫీనస్ ఓపెనింగ్ మీద వచ్చే వాపుల్లో సఫీనా వేరిక్స్‌ని (సఫీనస్ వీన్ పైకొస ఉబ్బడం) మరవొద్దు. పడుకుంటే మాయమవుతుంది, దగ్గితే వేలికి జలజలమన్న కదలిక తగులుతుంది, అదే కాలి మీద వేరికోస్ వీన్స్ ఉంటాయి. మన దగ్గర వెన్నెముక టీబీ ఉంది కాబట్టి సోయాస్ చీము గడ్డ కూడా లెక్కలో ఉండాలి. అది ఫెమోరల్ ఆర్టరీకి లేటరల్‌గా వస్తుంది, ఇలియాక్ ఫాసాలోని గడ్డ నొక్కితే లిగమెంట్ కింది గడ్డలో అలలా తెలుస్తుంది.

కెమెరా_పోర్ట్

లోపలి నుంచి చూసేవాళ్ల తరఫున కొంచెం. ఫ్రుషో 1956లో చెప్పిన మయోపెక్టీనియల్ ఆరిఫిస్ అన్న ఊహ పట్టుకుంటే ఈ మూడు హెర్నియాలూ ఒకే బలహీనమైన కిటికీలోంచి వస్తున్నాయని అర్థమవుతుంది. పైన ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్ కమాను, మీడియల్‌గా రెక్టస్ అంచు, పక్కన ఇలియోసోయాస్, కింద పెక్టీనియల్ లిగమెంట్. ఇంగ్వైనల్ లిగమెంట్ ఆ కిటికీని అడ్డంగా రెండు చేస్తుంది. పై అరలో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్. కింది అరలో ఫెమోరల్. 2007 యూరోపియన్ వర్గీకరణలో ఎల్, ఎం, ఎఫ్ అని రాసి పక్కన 1, 2, 3 వేసేది ఈ అరల్నీ, రంధ్రంలో వేలి కొసలు ఎన్ని పడతాయన్నదాన్నీ.

లోపలినుంచి కనిపించే గుర్తులు మూడు మడతలు. మధ్యలో యురాకస్, దాని పక్కన మూసుకుపోయిన అంబిలికల్ ఆర్టరీ, దాని పక్కన ఎపిగాస్ట్రిక్ నాళాలు. నాళాలకు బయటి గుంటలో ఇన్‌డైరెక్ట్, లోపలి గుంటలో డైరెక్ట్. పెరిటోనియం కోత అంబిలికల్ ఆర్టరీ మడత దాటి మధ్యరేఖ వైపు పోకూడదు, అవతల మూత్రాశయం ఉంది. ఆపరేషన్‌కి ముందు మూత్రం పోయించాలన్న నియమం అందుకే.

రెండు త్రికోణాలు నిద్రలో అడిగినా చెప్పగలగాలి. వాస్‌కీ (వీర్యనాళం) టెస్టిక్యులర్ నాళాలకీ మధ్య ఉన్నది డూమ్ త్రికోణం, దాని అడుగున ఎక్స్‌టర్నల్ ఇలియాక్ ఆర్టరీ, వీన్. టెస్టిక్యులర్ నాళాలకు లేటరల్‌గా, ఇలియోప్యూబిక్ ట్రాక్ట్ (ఇంగ్వైనల్ లిగమెంట్ వెనక ఉండే పట్టీ) కింద ఉన్నది పెయిన్ త్రికోణం, అందులో లేటరల్ ఫెమోరల్ క్యుటేనియస్ నరం, జెనిటోఫెమోరల్ ఫెమోరల్ శాఖ, ఫెమోరల్ నరం. ఈ రెండు చోట్లా ట్యాకర్ (మెష్‌ని పిన్నులతో బిగించే పరికరం) కొట్టకూడదు. కొట్టే ముందు బయటి నుంచి రెండో చేత్తో పొట్ట గోడ నొక్కండి. ట్యాకర్ మొన చేతికి తగిలితే మీరు ట్రాక్ట్‌కి పైనే ఉన్నారు. తగలకపోతే ఆపండి.

పెక్టీనియల్ లిగమెంట్ శుభ్రం చేసేటప్పుడు సింఫిసిస్ నుంచి సుమారు 5 సెం.మీ. దగ్గర ఎముక మీద అడ్డంగా పోయే రక్తనాళం ఉండొచ్చు: ఆబ్ట్యురేటర్‌ని ఎక్స్‌టర్నల్ ఇలియాక్‌తోనో ఎపిగాస్ట్రిక్‌తోనో కలిపే కరోనా మోర్టిస్. ఆర్టరీ కంటే వీన్ రూపంలో ఎక్కువగా కనిపిస్తుంది. తెగితే కొస ఆబ్ట్యురేటర్ కెనాల్ వైపు లాక్కుపోయి చిక్కదు. నొక్కుకున్న ఫెమోరల్ హెర్నియాలో లాక్యూనార్ లిగమెంట్‌ని గుడ్డిగా కోసేస్తే వచ్చే రక్తస్రావం కూడా ఈ జాతిదే. పెల్విస్ ఎముకలు విరిగినప్పుడు ఆర్థో వాళ్లు ముందు నుంచి వెళ్లినా దీన్ని ముందే చూసి కట్టేస్తారు.

మెష్ కనీసం 15×10 సెం.మీ. ఉండాలి. కింది అంచు పైకి ముడుచుకుంటే హెర్నియా తిరిగి వస్తుంది. ముడుచుకోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ పెరిటోనియాన్ని చాలినంత వెనక్కి దించకపోవడమే. వాస్ మధ్యరేఖ వైపు తిరిగి ఇలియాక్ వీన్‌ని దాటే చోటు దాకా దించాలి. గ్యాస్ వదిలేటప్పుడు మెష్ అంచు కింద పెరిటోనియం దూరకుండా చూస్తూ వదలాలి.

మత్తు_డాక్టర్

ఓపెన్‌గా, లోకల్ మీద చేసేవాళ్లకు నరాల గురించి. ఇలియోఇంగ్వైనల్, ఇలియోహైపోగాస్ట్రిక్ రెండూ ఎల్1 (నడుము మొదటి వెన్ను నరం) నుంచి వచ్చేవే. ఏఎస్ఐఎస్‌కి 2 సెం.మీ. మీడియల్‌గా, 2 సెం.మీ. పైన, ఇంటర్నల్ ఆబ్లిక్‌కీ ట్రాన్స్‌వర్సస్‌కీ మధ్య పొరలో రెండూ దొరుకుతాయి. అల్ట్రాసౌండ్ ఉంటే కళ్లతో చూసి వేయండి. లేకుండా లోతుగా పోతే మందు ట్రాన్స్‌వర్సాలిస్ ఫేషియా వెనక జారి ఫెమోరల్ నరాన్ని పట్టేస్తుంది. రోగి బల్ల దిగగానే మోకాలు మడిచి పడిపోతాడు. అందుకే పంపేముందు మోకాలు చాచమని చూడాలి, బలం తిరిగొచ్చేదాకా నడిపించకూడదు.

ఈ బ్లాక్ ఒక్కటే సరిపోదు. జెనిటోఫెమోరల్ జెనిటల్ శాఖ డీప్ రింగ్ గుండా వస్తుంది, పై బ్లాక్ దాన్ని తాకదు. ఇక పెరిటోనియల్ సంచి లాగినప్పుడు వచ్చే నొప్పి, వికారం వేరు. సర్జన్ త్రాడు చుట్టూ, సంచి మెడ దగ్గర, ట్యూబర్‌కిల్ మీద విడిగా ఇవ్వాలి. బుపివకెయిన్ పరిమితి కిలోకు 2 మి.గ్రా. 60 కిలోల మనిషికి 120 మి.గ్రా. 0.5 శాతం అయితే 24 మి.లీ.తో అయిపోతుంది, 0.25 శాతం చేస్తే 48 మి.లీ. వస్తుంది. ఇక్కడ కావాల్సింది పరిమాణం, కాబట్టి పల్చగా చేసుకోవడమే మేలు. లిగ్నోకెయిన్ కలిపితే రెండు మందుల మోతాదూ కలిపి లెక్కేయాలి, విడివిడిగా కాదు.

గజ్జల_సర్జన్

నరాల మాట వచ్చింది కాబట్టి, లిక్టెన్‌స్టైన్ (ముందు నుంచి తెరిచి మెష్ పెట్టే ఆపరేషన్) చేసేటప్పుడు అవి తెగే చోట్లు చెప్పేస్తా. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ తెరవగానే దాని కిందే ఇలియోఇంగ్వైనల్ అతుక్కుని ఉంటుంది. చిన్న గాటు పెట్టి, అంచు ఎత్తి, కత్తెర మొన పైకి చూసేలా కోయండి. ఇలియోహైపోగాస్ట్రిక్ ఇంటర్నల్ ఆబ్లిక్ మీద కనిపిస్తుంది, మెష్ పై అంచు కుట్టేటప్పుడు కుట్టులో పడేది ఇదే. జెనిటల్ శాఖ కంటికి కనపడకపోయినా, త్రాడు వెనక కింది భాగంలో నీలిరంగు గీతలా పోయే క్రిమాస్టరిక్ వీన్ పక్కనే ఉంటుంది. ఆ నీలి గీతను త్రాడుతో పాటే ఎత్తితే నరం కూడా భద్రంగా వస్తుంది. ఏ నరమైనా నలిగిందనిపిస్తే వదిలేయొద్దు, శుభ్రంగా కోసి కొసను కండలో పూడ్చాలి. 

మెష్ 15×7.5 సెం.మీ., ట్యూబర్‌కిల్‌ని దాటి మధ్యరేఖ వైపు 2 సెం.మీ. పడాలి. లిక్టెన్‌స్టైన్ తర్వాత తిరిగొచ్చే హెర్నియాలు ఎక్కువగా ఈ మూల నుంచే వస్తాయి. మొదటి కుట్టు ట్యూబర్‌కిల్ మీది కణజాలంలో వేయాలి, ఎముక పొరలో కాదు. ఎముక పొరలో వేస్తే ఏళ్ల తరబడి నొప్పి మిగులుతుంది.

వార్డు_ఆరు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటే. స్క్రోటంలోకి దిగిన వాపు హైడ్రోసీలా (వరిబీజం), హెర్నియానా అని టార్చి వేసి చూస్తే తేలిపోతుందా? పిల్లల్లో కూడా ఇంతేనా?

పసి_సర్జన్

టార్చి మీద అంత నమ్మకం పెట్టుకోవద్దు. పైలేరియా ఉన్న మన కోస్తా జిల్లాల్లో పాత వరిబీజాల గోడ మందంగా, ఒక్కోసారి సున్నం కట్టి ఉంటుంది, వెలుగు దాటదు. ఇటు పసిపిల్లల్లో పేగు గోడ పల్చగా ఉండి, గాలి, నీరు నిండిన హెర్నియా కూడా వెలుగుతుంది. రెండువైపులా మోసం చేస్తుంది. వాపుకి పైన త్రాడు పట్టుకోగలరా లేదా అన్నదే గట్టి గుర్తు. అందుకే సూది పెట్టి నీళ్లు తీద్దాం అని ఎవరైనా అంటే ముందు ఆ పరీక్ష చేయండి.

పిల్లల్లో కథ వేరు. అక్కడ గోడ బలహీనత ఏమీ లేదు, మూసుకోవాల్సిన ప్రాసెసస్ వజైనాలిస్ (వృషణంతో పాటు దిగే పెరిటోనియం గొట్టం) మూసుకోలేదు, అంతే. కాబట్టి దాదాపు అన్నీ ఇన్‌డైరెక్టే. సంచిని విడదీసి డీప్ రింగ్ దగ్గర కడితే చాలు, మెష్ అక్కర్లేదు. నెలల పిల్లల్లో రెండు రింగులూ దాదాపు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అక్లూజన్ టెస్ట్‌కి అర్థమే లేదు. కుడివైపు ఎక్కువ, ఆ వృషణం ఆలస్యంగా దిగుతుంది కాబట్టి. హెర్నియా చూసినప్పుడు రెండు వృషణాలూ స్క్రోటంలో ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. 6 నెలలు దాటినా దిగకపోతే ఇక ఆగకుండా సర్జన్‌కి చూపించాలి. ఆడపిల్ల గజ్జలో నొక్కితే పోని చిన్న కదిలే గడ్డ ఉంటే అది అండాశయం కావచ్చు. దాన్ని నెట్టే ప్రయత్నం చేయకండి, త్వరగా ఆపరేషన్‌కి పెట్టండి.

ఒక్కసారిగా నొప్పితో వృషణం పైకి లాక్కుపోయి, తొడ లోపలివైపు గీస్తే అది కదలకపోతే టార్షన్ (వృషణం మెలిపడటం) అనుకోండి. ఆ రిఫ్లెక్స్‌లో వృషణాన్ని పైకి లాగించేది జెనిటోఫెమోరల్ జెనిటల్ శాఖే. 6 గంటలలోపు విప్పాలి, స్కాన్ కోసం ఆగకూడదు. నొప్పి లేకుండా వృషణం గట్టిపడితే అది వేరే దారి, క్యాన్సర్ అనుమానించాలి. దాని లింఫ్ గజ్జకు రాదు, టెస్టిక్యులర్ నాళాల వెంట పారా అయోర్టిక్ నోడ్స్‌కి పోతుంది. స్క్రోటం చర్మానిది మాత్రం గజ్జ నోడ్స్‌కి వస్తుంది. ఆ రెండు దారులు కలపకూడదు కాబట్టే కోత గజ్జలో పెట్టి, డీప్ రింగ్ దగ్గర త్రాడు కట్టి తీస్తారు. స్క్రోటం గుండా సూది గుచ్చరు.